మేనమామ మ్యాప్‌కి తల ఎటు

మే 28, ఆదివారం, 1978

మా అమ్మాయి లోరెటా వచ్చి వెళ్ళింది. పిండి సంచి, కాఫీ పొడి, డబ్బాలో పీచ్ పళ్ళు తెచ్చింది. వాటితోపాటు ఒక మాట కూడా తెచ్చింది. పిండీ కాఫీ సర్దేశాను. ఆ మాట ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.

అమ్మా, ఈ ఏడాది గొర్రెల్ని కొండమీదికి ఎవరు తోలుకెళ్తారు అంది. నేనే, ఇంకెవరు అన్నాను. మోకాలు చూసుకున్నావా, గుమ్మడికాయలా ఉంది అంది. నాకు హాస్పిటల్లో సెలవు దొరకదు, ఆయన తోలుకెళ్తాడు, అది నీకు ఇష్టం లేకపోతే గొర్రెలు కొనేవాడి లారీ కొట్టు దగ్గరికి వచ్చినప్పుడు మంద మొత్తం ఎక్కించేద్దాం, రెండిట్లో ఏదో ఒకటి చెప్పు అంది. నర్సుల దగ్గర పనిచేసి నర్సులాగే మాట్లాడుతోంది. సూది కుడి చేతికా ఎడమ చేతికా అని అడిగినట్టు.

ఈ మంద మా అమ్మది. అమ్మకి వాళ్ళమ్మ ఇచ్చింది. కింద గడ్డి ఇప్పటికే గొర్రె పళ్ళకి అందనంత పొట్టిగా ఉంది. జూన్ సగమయ్యేసరికి మట్టే మిగులుతుంది. పైకి పోకపోతే అవి బతకవు. పిల్ల చెప్పింది నిజమే. అదే బాధ.

ఆయన అంటే అల్లుడు, డెల్బర్ట్. పెళ్ళయి రెండేళ్ళయింది. వాలు కింద వాళ్ళ ఇల్లు, పైన నా హోగన్, దుంగలతో కట్టిన గుండ్రటి ఇల్లు. ఇంతవరకు అతని మొహం చూడలేదు. చూడకూడదు. అత్తా అల్లుడూ ఒకర్నొకరు చూసుకుంటే కళ్ళు పోతాయి. ఇప్పటివాళ్ళు కొందరు పట్టించుకోరు. మా అమ్మ పట్టించుకుంది, నేనూ పట్టించుకుంటాను. నేను వస్తున్నట్టు తెలియాలని చెవులకి చిన్న గజ్జెలు కట్టుకుంటాను. అతని గురించి నాకు తెలిసిందల్లా దగ్గు, గుర్రం, టోపీ వెనక భాగం. ఓసారి నేను కొట్లో అడుగు పెట్టగానే కొంటున్న మేకులు అక్కడే వదిలేసి వెనక తలుపులోంచి దూకాడట. మంచివాడే.

కానీ పడమటి ఎర్రనేల మనిషి. వాళ్ళ ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తైనది నీళ్ళ ట్యాంకు. కొండ అంటే అతనికేం తెలుసు?

సరే, అతన్నే తోలుకెళ్ళమను అన్నాను. అనేశాను.

మే 29, సోమవారం

ఎలుగుబంటి. పిడుగు. కొయోటీ. నీలం పువ్వుల విషపు మొక్క. ముందు నడిచే మేకకి పొగరు, అతని మాట వినదు. రాళ్ళు జారే చోటు. కొయోటీ.

కొయోటీ నక్కని రెండుసార్లు రాశాను. ఉండనీ.

మే 30, మంగళవారం

దారి ఎలా చెప్పాలా అని ఒకటే కంగారు. ఎదురుగా నిలబడి చెప్పలేను. లోరెటాతో చెప్పిద్దామంటే దానికి మంద నడిచే దారి తెలియదు. చిన్నప్పుడు బోర్డింగ్ స్కూల్లో ఉంది, పెద్దయ్యాక కొండమీదికి ఎప్పుడు వచ్చినా పికప్‌లో చుట్టుదారిన వచ్చి ఒక పూట ఉండి పోయేది. పోతూ పోతూ అదే ఉపాయం చెప్పింది. గోడమీద మ్యాప్ ఉంది కదా, దానిమీద గుర్తు పెట్టి కట్టెలు కొట్టే మొద్దు మీద రాయి కింద పెట్టు, ఆయన ఆర్మీలో మ్యాపులు చదివాడు అని.

మ్యాప్ దించాను. అది మా మేనమామది. గొర్రెల్ని తగ్గించాలని ప్రభుత్వం మా మీద పడిన రోజుల్లో కొండ కొలిచేవాళ్ళు వచ్చి గుడారాలు వేశారు. మేనమామ వాళ్ళకి దారి చూపించాడు. ఆ తర్వాత ఎప్పుడో అచ్చయ్యాక ఒకటి పంపారు. వెనక గుడ్డ అతికించిన మంచి కాగితం. ఆయన దాన్ని సరిగ్గా చూడను కూడా లేదు. మనింటి చోట కత్తితో ఒక గాటు పెట్టి, నేను చూపించిన కొండని వీళ్ళు మళ్ళీ నాకు చూపించడమేంటి అని పక్కన పడేశాడు. అమ్మ దాన్ని గాలి దూరకుండా దుంగల సందుకి అడ్డంగా కొట్టింది. అప్పట్నుంచీ అక్కడే ఉంది, కాఫీ మరకలతో.

నేల మీద పరిచాను. పైభాగం గుమ్మం వైపు పెట్టాను. గుమ్మం తూర్పున ఉంటుంది, ఏదైనా తూర్పు నుంచే మొదలవుతుంది, ఇంకెలా పెడతారు. నేను పడమట కూర్చున్నాను.

దాన్నిండా గోధుమరంగు గీతలు, మాను కోస్తే లోపల కనబడే వలయాల్లా. నా మగ్గం మీద గీత అంత వంకర పోతే విప్పేసి మళ్ళీ నేస్తాను. నీలం గీతలు వాగులని తెలుసు. ఇంగ్లీషు పేర్లు చీమల బారులా ఉన్నాయి. అక్షరాలు కూడబలుక్కుని ఒకటి చదివాను. మేం ఎప్పుడూ పిలవని పేరు. మిగతావి వదిలేశాను.

మేనమామ గాటు దగ్గర వేలు పెట్టి తూర్పుకి నడిపించాను. వాగు దొరికింది. మేం ఏటా మందని తోలే మేకపళ్ళ వాగే. పైన రెండుగా చీలింది. అవును, చీలుతుంది. అక్కడే ఊట, ఊట పక్కనే మా వేసవి గుడిసె. గొర్రెల వీపు మీద వేసే ఎర్రరంగుతో బొట్టు పెట్టాను.

ఒకటే విచిత్రం. కొండ నిటారు గోడని దక్షిణాన గీశారు. అది ఉన్నది తూర్పున. అంతమంది మనుషులు, అన్ని కళ్ళద్దాలు, అన్ని గుడారాలు, చివరికి కొండనే తప్పు చోట పెట్టారు. పాపం, మేనమామ చెప్పింది అర్థం కాలేదేమో.

జూన్ 1, గురువారం

మ్యాప్ మొద్దు మీదికి తిరిగొచ్చింది.

ఎర్ర బొట్టు పక్కన పెన్సిల్‌తో ఒక గొర్రె బొమ్మ. కాలు ఎత్తి తల గోక్కుంటోంది. కాగితం కుడి అంచున సూర్యుడి బొమ్మ, కిరణాలతో సహా, శ్రద్ధగా వేశాడు. ఇంకేం లేదు.

చాలాసేపు ఆలోచించాను. ఎండ గురించి అడుగుతున్నాడు. అటు దక్షిణం కదా, ఎండ తగులుతుందా అని. ఆర్మీలో చేసినవాడికి ఈ మాత్రం ఎండంటే భయమైతే ఎలా నాయనా. సూర్యుడి పక్కన ఒక టోపీ వేసి తిరిగి పెట్టేశాను.

జూన్ 2, శుక్రవారం

మ్యాప్ తీసుకెళ్ళాడు. నేను కునుకు తీసినప్పుడు కట్టెలు కొట్టి పేర్చాడు, నీళ్ళ పీపా నింపాడు. ఇంకేం అడగలేదు.

జూన్ 4, ఆదివారం

లోరెటా పిండి పిసుకుతూ అడిగింది. అమ్మా, ఎర్ర బొట్టు పెట్టిన చోటేనా, తప్పకుండా అదేనా అని ఆయన అడగమన్నాడు అంది. నేను పుట్టింది ఎక్కడే అన్నాను. ఊట దగ్గర అంది. పుట్టిన చోటు నాకు తెలియదా అన్నాను. అబ్బ, నా మీద అరుస్తావేం, అడిగింది నీ అల్లుడు అంది. అందుకే నీ మీద అరుస్తున్నాను, అతని మీద అరవలేను కదా అన్నాను.

వెళ్ళి చెప్పింది. కాసేపటికి కింద ఇంట్లోంచి ఇద్దరి నవ్వూ వినబడింది. నా మీదేనా?

మంగళవారం బయల్దేరతాడట. లోరెటా సాయంత్రమే పికప్ తీసుకుని హాస్పిటల్ పనికి ఊరెళ్ళిపోయింది.

జూన్ 6, మంగళవారం

తెల్లవారగానే గుమ్మంలో నిలబడి దీవెనకి మొక్కజొన్న పుప్పొడి చల్లాను. మందకీ చల్లాను, కుక్కకీ చల్లాను. తర్వాత గుమ్మానికి దుప్పటి దించి లోపల కూర్చున్నాను.

చెవులతోనే సాగనంపాను. మేక గంట, గొర్రెల గిట్టలు, కుక్క, గుర్రం, చివర్న దగ్గు. చప్పుడు ఎడమ చేతి వైపు పోయింది. ఎదురుగా పోవాలి కదా. గాలిమర దగ్గర నీళ్ళు తాగించి తిప్పుకొస్తాడు కాబోలు. బుద్ధిమంతుడు.

తిరిగొచ్చిన చప్పుడు వినబడలేదు. నా చెవులు కూడా పాతబడ్డాయి.

జూన్ 7, బుధవారం

కాఫీ కాచాను, తాగడం మర్చిపోయాను. చల్లారింది కుక్కకి పోద్దామంటే కుక్క మందతో పోయింది.

జూన్ 9, శుక్రవారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

బావ చిస్చిలీ కొండ దిగి వచ్చాడు. మా నాన్న చెల్లెలి కొడుకు. డెబ్బై దాటినా నోటికి మాత్రం పదహారు. కాఫీ పోస్తూ, మా మంద బాగా మేస్తోందా అన్నాను. ఏ మంద అన్నాడు. మీ గుడిసె పక్క నుంచే దిగాను మరదలా, గడ్డి మోకాలెత్తున ఉంది, ఊట నిండుగా ఉంది, ఒక్క గొర్రె పెంటిక కూడా కనబడలేదు అన్నాడు.

కాఫీ అతని కాలిమీద పోశాను. కావాలని కాదు.

కాలు దులుపుకుంటూనే, నీ అల్లుడు గొర్రెల్ని అమ్మేసి కొత్త బూట్లేసుకుని సినిమా చూస్తుంటాడు అన్నాడు. గరిటె ఎత్తాను. సరే సరే, బూట్లు కొనలేదులే, పాతవే వేసుకుని చూస్తున్నాడు అన్నాడు. నా మొహం చూసి నవ్వు ఆపాడు. ఏ దారి చెప్పావు అన్నాడు.

మ్యాప్ అల్లుడి దగ్గరుంది. నేలమీద బూడిద చల్లి, వేలితో గీసి చూపించాను. ఇదీ గుమ్మం, ఇదీ మ్యాప్ పైభాగం, ఇదీ గాటు, ఇదీ వాగు, ఇక్కడ ఎర్ర బొట్టు. బావ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. మళ్ళీ తిరిగాడు. కూలబడ్డాడు. నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఒసే పిచ్చిమొహమా, తెల్లవాళ్ళ మ్యాపుకి తల ఉత్తరం వైపే ఉంటుంది, చాప్టర్ హౌస్‌లో ఊరి మీటింగులప్పుడు గోడమీద మేత భూముల మ్యాప్ చూడలేదా అన్నాడు. మీటింగులో నేను తినడానికి ఏం పెడతారా అని చూస్తాను, గోడలు చూస్తానా?

నమ్మబుద్ధి కాలేదు. ఉత్తరం చచ్చినవాళ్ళు పోయే దిక్కు. అటు తలపెట్టేదెవరు? ఇంత నేలని, కొండలతో సహా, ఉత్తరానికి తలపెట్టి పడుకోబెట్టారా?

పెట్టారట. అన్ని మ్యాపులూ అంతేనట.

అప్పుడు అర్థమైంది. కొండ తప్పు చోట లేదు. నేనున్నాను. అతను వేసిన సూర్యుడు ఎండ కాదు. తూర్పు ఇటు ఉంది అత్తా అని, అత్త మనసు నొప్పించకుండా బొమ్మ వేసి చెప్పాడు. నేను టోపీ వేసి పంపాను.

నా వేలు నడిచింది మేకపళ్ళ వాగు వెంట కాదు. ఎర్ర బొట్టు పడింది ఉత్తరాన, గాలి తిరిగే లోయలో. మా వాళ్ళెవరూ అటు మేపరు. వేరేవాళ్ళ మేత నేల. నీళ్ళున్నాయని ఎప్పుడూ వినలేదు. నీళ్ళు లేకపోతే మంద ఈపాటికి

రాయను. రాస్తే అవుతుంది.

జూన్ 10, శనివారం, పొద్దున్నే

బావ పికప్‌లో వెళ్తున్నాం. నిన్న సాయంత్రమే పోదామంటే లైట్లు వెలగవన్నాడు. లోరెటాకి కబురు చెయ్యలేదు. చేస్తే లారీ మాట ఎత్తుతుంది. నీళ్ళు రెండు పీపాలు ఎక్కించాం. అల్లుడు ఎదురుపడితే మొహం మీద కప్పుకోడానికి దుప్పటి పట్టుకున్నాను. కళ్ళు పోతే పోనీ, నేను చెయ్యి పట్టుకుని నడిపిస్తాగా, ఈ అవకాశం కోసమే ముసలాణ్ణయ్యాను అన్నాడు బావ. ముందు రోడ్డు చూడు అన్నాను.

అదే రోజు, దారిలో

కుడివైపు నుంచి కొయోటీ అడ్డం వచ్చింది, అపశకునం. పుప్పొడి వేస్తేగాని కదలొద్దన్నాను. గొణిగాడు గానీ ఆపాడు.

జూన్ 11, ఆదివారం

నిన్న రాయలేకపోయాను. ఇవాళ నానిబా అనే ఆవిడ గుమ్మంలో కూర్చుని రాస్తున్నాను. నిన్న ఈ పేరు కూడా తెలియదు నాకు.

లోయ మలుపు తిరగ్గానే బావ బండి ఆపేశాడు. ఏం చూసి ఆపాడో. దుప్పటి కప్పేసుకున్నాను. తియ్యవే, అల్లుడు కాదు, గొర్రెలు అన్నాడు. తీశాను. వాలు నిండా తెల్లగా ఉన్నాయి. మా మేక, మా కుక్క, మా కుంటి పొట్టేలు. పొట్టలు డోళ్ళలా ఉన్నాయి. బండి దిగి ఒక్కోదాన్నీ వరసపెట్టి తిట్టాను. కుక్క వచ్చి నా మోకాలిమీదే పడింది. నొప్పి తెలియలేదు.

కింద ఇసుకలో గొయ్యి తవ్వి, చుట్టూ రాళ్ళు పేర్చి దొనెలా కట్టి ఉంది. నిండా నీళ్ళు. ఎక్కడివీ నీళ్ళు అని నేనూ బావా చూస్తుండగా ఒకావిడ చేతిలో తుపాకీ పట్టుకుని దిగి వచ్చింది. నా వయసే. నా చెవి గజ్జెల వంక చూసి తుపాకీ దించింది. ఓహో, టోపీ పంపిన అత్తవా అంది.

ఇది ఆవిడ మేత నేల. భర్త పోయాడు, పిల్లలు ఊళ్ళో ఉంటారు, గొర్రెలు లేక చాలా ఏళ్ళయింది. మంద కనబడగానే దొంగలనుకుని తుపాకీ తీసిందట. అల్లుడు టోపీ తీసి, పద్ధతిగా తన తల్లి వంశం, తండ్రి వంశం చెప్పుకున్నాడట. తల్లి వైపు చేదునీళ్ళవాళ్ళు. నానిబాదీ అదే వంశం. ఇంకేముంది, పెద్దమ్మ అయింది. తుపాకీ గోడకి ఆనించి రొట్టెలు కాల్చి పెట్టిందట. మ్యాప్‌లో నీలం చుక్కలున్న చోట ఒకప్పుడు నీళ్ళుండాలి పెద్దమ్మా అని అతనంటే, మా ఆయన బతికున్నప్పుడు ఉండేవి, ఇసుక పూడిపోయింది అని చోటు చూపించిందట. ఇద్దరూ కలిసి తవ్వారట. ఆవిడ తవ్వలేదు, పక్కన కూర్చుని ఇంకా లోతు ఇంకా లోతు అందట. ఆవిడే చెప్పింది.

అల్లుడికి పెద్దమ్మ అంటే నాకు వియ్యపురాలు. ఆ వరస తెలియడమే ఆలస్యం, మొదలుపెట్టింది. ఏం వియ్యపురాలా, నా కొడుకుని ఉత్తరానికి పంపావు, వదిలించుకుందామనా అంది. నీ కొడుక్కి నోరు లేదా, తప్పని చెప్పొచ్చు కదా అన్నాను. అత్త మాట తప్పనేలా పెంచలేదమ్మా మేం, ఈ ఏడు ఆవిడ కొత్త గడ్డి చూసి పెట్టింది కాబోలు అనుకున్నాడు పిచ్చివాడు, అయినా సూర్యుణ్ణి వేసి అడిగాడు కదా, దానికి నువ్వేం చేశావు చెప్పు, మీ బావ కూడా వింటాడు అంది. బావకి అప్పటికే తెలుసు. అయినా మళ్ళీ నేలమీద పడి నవ్వాడు. సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత నేనూ నవ్వాను. నవ్వితే మోకాలు నొప్పెట్టింది.

అల్లుడు గుట్ట అవతల ఉన్నాడు. నా గజ్జెలు వినగానే తింటున్న కంచంతో సహా పారిపోయాడట.

ఇంకో సంగతి రాసేస్తున్నాను. నాకు అసూయ కలిగింది. ఆవిడ అతన్ని చూడొచ్చు, ఎదురుగా కూర్చోబెట్టుకుని వడ్డించొచ్చు, చెవి పట్టుకుని తిట్టొచ్చు. రొట్టెలు కాలుస్తూ, మెల్లిగా, ఎలా ఉంటాడు అని అడిగాను. రెండేళ్ళలో ఎవర్నీ అడగలేదు. చెవులు పెద్దవి అంది. గడ్డం మీద చిన్న మచ్చ ఉందట. నవ్వితే ముందు ఒక కన్ను మూసుకుని తర్వాత రెండోది మూసుకుంటుందట. సన్నగా ఉన్నాడు, మీ అమ్మాయి సరిగ్గా పెట్టడం లేదేమో అని కూడా అంది. మా అమ్మాయి పెట్టేది తింటే నీ గుమ్మంలో పట్టడు అన్నాను. అందుకే పారిపోయి కొండెక్కాడేమో అంది. దీనికి మంచి జవాబు కావాలి. రేపటికి ఆలోచిస్తాను.

జూన్ 13, మంగళవారం

ఇప్పుడు మందని మా ఊటకి తిప్పాలంటే ఎండలో రాతినేల దాటించాలి. చిన్న పిల్లలు తట్టుకోవు. ఈ వేసవికి ఇక్కడే ఉండనీ, గడ్డి ఊరికే ఎండిపోతోంది, మేత అధికారి వస్తే నా కొడుకు గొర్రెలని చెప్తాను అంది నానిబా. నా గొర్రెలు అన్నాను. ఆ మాట అధికారి ముందు అనకు అంది.

ఉండిపోయాను. బావ వెళ్తూ, నన్ను కూడా ఉండమంటారేమో అని గుమ్మంలో చాలాసేపు బూట్లు కట్టుకున్నాడు. ఎవరూ అనలేదు.

పొద్దున చల్లగా ఉన్నంతసేపు మందని నేను చూస్తాను, రాయిమీద కూర్చునే. ఎండ ఎక్కాక మిట్ట మీద వదిలేసి వస్తే, అటువైపు నుంచి అల్లుడు అందుకుంటాడు. మధ్యలో మిట్ట ఉంది. కళ్ళకి భయం లేదు.

మ్యాప్ నానిబా చేతికి ఇచ్చి పంపాడు. సూర్యుడి బొమ్మ గుమ్మం వైపు వచ్చేలా తిప్పి పరిచాను. అంతే, కొండ గోడ తూర్పుకొచ్చి నిలబడింది. మేకపళ్ళ వాగు దాని చోట అది ఉంది. మేనమామ సరిగ్గానే చూపించాడు, వాళ్ళూ సరిగ్గానే గీశారు. పేర్లు మాత్రం పక్కకి తిరిగి పడుకున్నాయి. పడుకోనీ.

జూన్ 18, ఆదివారం

లోరెటా వచ్చింది. బావ ఊరంతా చెప్పేశాడట, హాస్పిటల్లో రోగులు కూడా టోపీ సంగతి అడుగుతున్నారట. దొనె దగ్గర కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టుకుంది. గొర్రెలు తాగే నీళ్ళు, తియ్యి అన్నాను. తియ్యలేదు.

కొట్టు దగ్గరికి లారీ వచ్చి, దొరికినవి ఎక్కించుకుని పోయిందట. అంతవరకే చెప్పింది. వచ్చే ఏడు నా సెలవు ముందే చూసుకుంటాను, ఆయనా నేనూ కలిసి తోలతాం, మన ఊటకా ఇక్కడికా నువ్వే చెప్పు అంది. నోటితో చెప్పు, బొట్టు పెట్టకు అంది.

ఇవాళ ఏ కంగారూ లేదు. ఏదో కంగారు మర్చిపోయానేమో అని చూసుకున్నాను. మేక కుడి కొమ్ము కొంచెం వదులుగా ఉంది. అది ఉంది.

జూన్ 24, శనివారం

మందని మిట్ట మీద వదిలి వెనక్కి తిరిగాను. అటువైపు నుంచి పిలుపు వినబడింది. మా అమ్మ గొర్రెల్ని పిలిచే పిలుపు. నాలుక అంగిలికి కొట్టి, చివర్న గొంతు లోపలికి లాగి. లోరెటాకి కూడా రాదు అది. రెండేళ్ళు వాలు కింద నుంచి నన్ను విని నేర్చుకుని ఉంటాడు.

మేక తలెత్తింది. మంద అంతా అటు నడిచింది.

నేనూ రెండడుగులు వేశాను.